వేల పాటలు పట్టే మ్యూజిక్ ప్లేయర్‌ని ఎంచుకోవడం ఎలా

2001 అక్టోబరులో యాపిల్ మొదటి ఐపాడ్‌ని 5 జీబీ హార్డ్ డిస్కుతో తెచ్చి, వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చంది. అప్పట్లో అది గొప్పే. 2019కల్లా వేలిగోరంత మైక్రో ఎస్‌డీ కార్డులోనే 1 టీబీ వచ్చేసింది. అంటే చోటు ఇప్పుడు పెద్ద సమస్య కాదు, డబ్బు పెడితే దొరుకుతుంది. అంత తేలిగ్గా దొరకనిది ఇంకొకటి ఉంది: ఆ కార్డులోని ఇరవై వేల పాటల్లోంచి కావలసినదాన్ని మీకు విసుగు పుట్టేలోగా తీసి వినిపించే ప్లేయర్. పెట్టె మీది జీబీలు చూసి కొన్నవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. అందుకే ముందు మీ పాటల లెక్క తేల్చుకోండి, తర్వాత కార్డు సంగతి చూడండి, ప్లేయర్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

1. మీ పాటలు ఎంత చోటు తింటాయో లెక్కేయండి

కంప్యూటర్‌లో పాటల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే మొత్తం సైజు, మొత్తం ఫైళ్ల సంఖ్య కనిపిస్తాయి. రెండూ రాసి పెట్టుకోండి. చాలామంది సైజు ఒక్కటే చూసి వదిలేస్తారు. ఫైళ్ల సంఖ్యతో మనకు ముందుముందు అంతకంటే పెద్ద పని ఉంది.

పాటలు ఇంకా పోగు చేసుకోనివాళ్లు బిట్‌రేటును, అంటే పాట సెకనుకు ఎన్ని కిలోబిట్లు (కేబీపీఎస్) తింటుందో దాన్ని బట్టి లెక్క కట్టొచ్చు. కేబీపీఎస్ అంకెను 8తో భాగిస్తే సెకనుకు ఎన్ని కేబీలో వస్తుంది. దాన్ని 60తో గుణిస్తే నిమిషం లెక్క. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే సెకనుకు 40 కేబీ, నిమిషానికి 2.4 ఎంబీ. నాలుగు నిమిషాల పాట దాదాపు 9.6 ఎంబీ. ఎంపీ3 లాంటిదే ఇంకో కుదింపు ఫార్మాట్ ఏఏసీలో, 256 కేబీపీఎస్ అయితే అదే పాట 7.7 ఎంబీ.

సీడీలో ఉండే ధ్వని సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. గుణిస్తే 1,411 కేబీపీఎస్, నిమిషానికి 10.6 ఎంబీ. ఫ్లాక్ అనే ఫార్మాట్ దాన్ని ఏమీ పోగొట్టకుండా సగానికి కాస్త అటూ ఇటూగా కుదిస్తుంది. నాలుగు నిమిషాల పాట సాధారణంగా 22 నుంచి 28 ఎంబీ మధ్య ఉంటుంది. ఒక్క వీణో, ఒక్క గొంతో ఉన్న రికార్డింగు ఇంకా తగ్గుతుంది. వాయిద్యాలన్నీ ఒకేసారి హోరెత్తే పాట అంతగా తగ్గదు. సీడీకంటే సూక్ష్మంగా కొలిచిన 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ (సెకనుకు 96,000 నమూనాలు) ఫైళ్లు కుదించకముందు నిమిషానికి 34.6 ఎంబీ. ఫ్లాక్‌లోకి మార్చాక కూడా పాటకి 75 నుంచి 95 ఎంబీ అనుకోండి. ఒక్కో నమూనాకి ఒకే బిట్ వాడే డీఎస్‌డీ 64 అనే ఫార్మాట్ అయితే నిమిషానికి 42 ఎంబీ, దాన్ని దాచే మామూలు డీఎస్‌ఎఫ్ ఫైలులో కుదింపు కూడా ఉండదు.

పది వేల పాటలకి ఇదెంతవుతుందో చూడండి. ఎంపీ3 320లో 96 జీబీ. సీడీ స్థాయి ఫ్లాక్‌లో సుమారు 250 జీబీ. 24 బిట్ 96లో 850 జీబీ పైమాటే. పాటలు అవే, చోటు తొమ్మిది రెట్లు.

ఇప్పుడున్న మొత్తానికి సగం కలపండి, అది రేపు చేరబోయే పాటలకి. దాని మీద పదోవంతు ఖాళీగా వదలండి. 250 జీబీ ఫ్లాక్ ఉన్నవాళ్లకి ఈ లెక్క 410 జీబీ దగ్గర తేలుతుంది కాబట్టి 512 కార్డు తీసుకోవాలి. ఆ కార్డును విండోస్ 476 జీబీ అనే చూపిస్తుంది. కంగారు పడకండి, ఏదీ పోలేదు. తయారీదారు జీబీకి వంద కోట్ల బైట్లని లెక్కేస్తాడు, విండోస్ 1,024 చొప్పున మూడుసార్లు భాగిస్తుంది. అదే తేడాతో 256 కాస్తా 238, 1 టీబీ కాస్తా 931 జీబీ అవుతాయి.

ఇక్కడే ఇంకో ప్రశ్న వేసుకోండి: వినేది తీగ ఉన్న ఇయర్‌ఫోన్లతోనా, బ్లూటూత్‌తోనా? బ్లూటూత్‌లో ప్లేయర్ ప్రతి పాటనీ పంపేముందు మళ్లీ కుదిస్తుంది. ఇలా కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. మామూలు ఎస్‌బీసీ కోడెక్ గరిష్ఠంగా 328 కేబీపీఎస్ దగ్గర తిరుగుతుంది. యాప్టెక్స్ హెచ్‌డీ 576. ఎల్‌డాక్ సిగ్నల్ బాగుంటే 990, జనం రద్దీలో 330కి పడిపోతుంది. మీ 24 బిట్ ఫైలు చివరికి ఆ సన్నటి గొట్టంలోంచే రావాలి. ఎప్పుడూ బ్లూటూత్‌లోనే వినేవాళ్లు అసలు ఫ్లాక్ ఫైళ్లను కంప్యూటర్‌లో ఉంచుకుని, కార్డు కోసం 256 ఏఏసీ నకళ్లు తీసుకుంటే పది వేల పాటలూ 77 జీబీలో సర్దుకుంటాయి. 128 కార్డుతో పని అయిపోతుంది.

దీనికి తిరగేసిన పని మాత్రం చేయకండి. ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మార్చినంత మాత్రాన పోయిన ధ్వని తిరిగి రాదు. సైజు మాత్రం రెండు మూడింతలవుతుంది.

2. లోపలి మెమరీనా, కార్డా, పాత హార్డ్ డిస్కా

కార్డు స్లాటు లేని ప్లేయర్‌ని పెద్ద సేకరణ కోసం కొనకండి. లోపలి మెమరీ నిండితే పెంచే దారి ఉండదు, బోర్డు పోతే పాటలూ దాంతోనే పోతాయి. స్లాటు ఉంటే లోపలి మెమరీ 32 జీబీ ఉన్నా చాలు. అందులో కొంత ఎలాగూ సిస్టమే ఆక్రమిస్తుంది. కొన్ని ప్లేయర్లకు రెండు స్లాట్లు ఉంటాయి. అప్పుడు ఒక పెద్ద కార్డుకి బదులు రెండు మధ్యరకం కార్డులు వేసుకోవచ్చు, ఒకటి చెడితే రెండోదైనా మిగులుతుంది.

పాత ఐపాడ్ క్లాసిక్‌ల మీద మనసున్నవాళ్లకి ఒక మాట. 160 జీబీ దాకా వచ్చిన ఆ వరస 2014లో ఆగిపోయింది, చివరికి ఐపాడ్ టచ్ కూడా 2022లో ఆగింది. ఇప్పుడు దొరికే క్లాసిక్‌లన్నీ వాడినవే. లోపల తిరిగేది 1.8 అంగుళాల హార్డ్ డిస్కు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమని పదే పదే వినిపిస్తోందంటే దాని ఆయుష్షు దగ్గరపడినట్టే. ఆ డిస్కు తీసేసి ఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్ బిగించుకోవడం చాలామంది చేస్తున్న పనే. అయితే రెండు చిక్కులున్నాయి. ఐదో తరం 30 జీబీ మోడల్‌లో ర్యామ్ 32 ఎంబీ, 60, 80 జీబీ మోడళ్లలో 64 ఎంబీ. పాటల జాబితా మొత్తం ఆ ర్యామ్‌లో పట్టాలి. కార్డు 1 టీబీ పెట్టినా జాబితా పట్టకపోతే యాపిల్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతూ ఉంటుంది. రెండోది మూత తెరవడం. లోహపు ముందుభాగమున్న ఆరో తరం నుంచి క్లిప్పులు మహా గట్టివి, ఊడదీస్తే అంచులు వంగిపోతాయి. ఐదో తరంలో మూత తేలికే కానీ, లోపల బ్యాటరీ రిబ్బను పట్టుకునే బుల్లి గొళ్లెం తొందరపడితే విరుగుతుంది. ఇలాంటి పనుల్లో చేయి తిరిగినవాళ్లే దీనికి దిగండి.

3. కార్డు ఎంచుకునేటప్పుడు

ప్లేయర్ వివరాల్లో కార్డు రకం ఎస్‌డీహెచ్‌సీ అని మాత్రమే ఉంటే అధికారికంగా 32 జీబీ వరకే. ఎస్‌డీఎక్స్‌సీ అని ఉంటే ప్రమాణం ప్రకారం 2 టీబీ వరకు. "256 జీబీ వరకు" అని రాసి ఉంటే చాలాసార్లు దాని అర్థం, ఆ ప్లేయర్ తయారైన రోజుల్లో వాళ్లు పరీక్షించి చూసిన పెద్ద కార్డు అది అని. ఎస్‌డీఎక్స్‌సీ ప్లేయర్లలో 512, 1 టీబీ కార్డులు కూడా తరచుగా పనిచేస్తాయి. కానీ పనిచేసి తీరుతుందని నమ్మి కొనకండి, వెనక్కి తీసుకునే షరతు మీద కొనండి.

32 జీబీ అని రాసి ఉన్న పాత ప్లేయర్లకీ ఒక కిటుకు ఉంది. 64 జీబీ, ఆపై కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌తో (ఫైళ్లను కార్డులో అమర్చే పద్ధతి) వస్తాయి, పాత ప్లేయర్‌కి అది చదవడం రాదు. కార్డును ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లోకి మారిస్తే చాలా ప్లేయర్లు చదివేస్తాయి. రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న ప్లేయర్లకి కూడా ఫ్యాట్32యే కావాలి. విండోస్‌లో మామూలు ఫార్మాట్ కిటికీ 32 జీబీ దాటితే ఫ్యాట్32 అవకాశం ఇవ్వదని ఆగిపోకండి, రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పరికరం ఆ పని చేస్తుంది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పాటలకి అదేం అడ్డు కాదు, గంటల తరబడి సాగే కచేరీని ఒకే ఫైలుగా పెట్టుకున్నవాళ్లకే అడ్డం వస్తుంది. ప్లేయర్ మెనూలోనే ఫార్మాట్ ఉంటే దాన్ని మించింది లేదు. అందులోంచే చేసేయండి.

వేగం గురించి కార్డు మీద ఉండే గుర్తులన్నీ చూసి ఎక్కువ డబ్బు పోయకండి. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ పాట కుదించకుండా ఉన్నా సెకనుకు 1.15 ఎంబీ చదివితే సరిపోతుంది. క్లాస్ 10 కార్డు అంటేనే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలది. వేగం పనికొచ్చేది పాటలు ఎక్కించే రోజున మాత్రమే.

అసలు డబ్బు పోయేది నకిలీ కార్డుల దగ్గర. లోపలున్నది 32 జీబీ చిప్పే అయినా "నేను 512" అని కంప్యూటర్‌తో చెప్పేలా దాని సాఫ్ట్‌వేర్‌ని మార్చేస్తారు. మొదటి 32 జీబీ చక్కగా ఎక్కుతుంది. తర్వాత రాసేదంతా ముందు రాసినదాని మీదో, గాలిలోకో పోతుంది. కానీ ఫైళ్ల పేర్ల పట్టిక ముందే రాసి ఉంటుంది కనుక ప్లేయర్‌లో పేర్లన్నీ కనిపిస్తాయి. నొక్కితే పాట పలకదు, లేదా బర్రుమని చప్పుడు చేసి తర్వాతి పాటకి దూకుతుంది. వారం గడిచాక తెలిసేసరికి వాపసు గడువు అయిపోయి ఉంటుంది.

అందుకే కార్డు రాగానే, ఒక్క పాట కూడా ఎక్కించకముందే, పూర్తిగా నింపి చూడండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత పరికరాలు ఈ పనే చేస్తాయి. కార్డు నిండా తెలిసిన అంకెలు రాసి, తిరిగి చదివి, సరిపోల్చి చెబుతాయి. 512 జీబీ కార్డుకి సెకనుకు 60 ఎంబీ రాసే కార్డు రీడర్‌తో రాయడానికే దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, చదవడానికి ఇంకో గంటన్నర. రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున చూసేసరికి ఒక్క తప్పు కనిపించినా ఆ కార్డును వాపసు ఇచ్చేయండి. "ఫార్మాట్ చేస్తే సరిపోతుందేమో" అనుకోవద్దు.

4. ప్లేయర్ బుర్రను పరీక్షించండి

ఇదే అసలు మెట్టు. కార్డు పెట్టగానే ప్లేయర్ ప్రతి ఫైలూ తెరిచి, లోపల ట్యాగ్‌లో ఉన్న పాట పేరు, గాయకుడు, ఆల్బమ్, నంబరు చదివి, ఒక జాబితా తయారు చేసుకుంటుంది. స్కాన్ అంటే ఇదే. ఐదు వందల పాటలతో ఏ ప్లేయర్ అయినా హుషారుగా కనిపిస్తుంది. ఇరవై వేలతో కొన్ని పావుగంట తీసుకుంటాయి, కొన్ని మధ్యలో బిగుసుకుపోతాయి, కొన్ని చెప్పాపెట్టకుండా ఒక సంఖ్య దగ్గర ఆగి మిగతా పాటలు లేనట్టే నటిస్తాయి. దుకాణంలో పెట్టిన నమూనా ప్లేయర్‌లో ఇరవై పాటలే ఉంటాయి కాబట్టి ఇవేవీ అక్కడ బయటపడవు.

కొనేముందు వాడుక పుస్తకంలో గరిష్ఠ పాటల సంఖ్య కోసం వెతకండి. కార్డు సైజు పరిమితి వేరు, ఇది వేరు. మొదటి మెట్టులో రాసుకున్న ఫైళ్ల సంఖ్యను దీని పక్కన పెట్టి చూడండి. పరిమితి తక్కువగా ఉన్నా, ఫోల్డర్ల వారీగా తిరిగే వీలుంటే బతికిపోవచ్చు. ఫోల్డర్ తెరిచి పాట నొక్కడానికి జాబితాతో పనిలేదు. ఫోల్డర్ దారి లేని ప్లేయర్‌ని పది వేల పాటలున్నవాళ్లు ముట్టుకోకపోవడం మేలు.

వీలైతే నిండిన మీ కార్డునే తీసుకెళ్లి, లేదా వాపసు గడువు లోపల ఇంట్లో, ఈ పరీక్షలు చేయండి.

కార్డు పెట్టి స్కాన్‌కి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. స్కాన్ అయ్యాక చూపించే పాటల సంఖ్య మీ లెక్కతో కలవాలి. ఇప్పుడు ప్లేయర్ ఆపి మళ్లీ వేయండి. మళ్లీ మొదటినుంచి స్కాన్ మొదలుపెట్టిందా? అయితే రోజూ అంతే. ఇంకో పాట చేర్చి చూడండి. మంచి ప్లేయర్ కొత్తదాన్ని మాత్రమే చదువుకుంటుంది.

పాటల జాబితాలో మధ్యలో ఉండే ఒక అక్షరానికి వెళ్లండి. వేలితో గీస్తూ గీస్తూ పోవాల్సి వస్తోందా, అక్షరం నొక్కి దూకొచ్చా? వెతుకులాట ఉందా? నాలుగు వందల మంది గాయకుల పట్టికలో ఒక్కో వరసా కిందికి నొక్కుకుంటూ పోవడం మొదటి రోజు సరదాగా ఉంటుంది, పదో రోజుకి ప్లేయర్ సొరుగులోకి చేరుతుంది.

పాటకీ పాటకీ మధ్య విరామం లేని ఆల్బమ్ ఒకటి, అంటే ప్రత్యక్ష కచేరీ లాంటిది, పెట్టి వినండి. సందులో చిన్న నిశ్శబ్దమో టప్పుమనో వస్తే ఆ ప్లేయర్‌కి గ్యాప్‌లెస్ రాదు. ఎంపీ3లో ఇది ఎక్కువగా తెలుస్తుంది. ఎన్‌కోడర్, అంటే పాటను ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్, ప్రతి ఫైలు మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుస్తుంది. ఆ ఖాళీ ఎంతో ఫైలు తలలో రాసి ఉంటే, దాన్ని చదివి కత్తిరించడం ప్లేయర్ పని. ఫ్లాక్‌లో ఆ ఖాళీయే ఉండదు, అయినా ప్లేయర్ తర్వాతి ఫైలును ముందుగా తెరిచి పెట్టుకోకపోతే సందు వస్తుంది.

పలువురు గాయకులు పాడిన ఆల్బమ్ ఒకటి తెరిచి చూడండి. పన్నెండు పాటల ఆల్బమ్ పన్నెండు ముక్కలైతే, ఆ ప్లేయర్, ఆల్బమ్ మొత్తానికీ ఒకే పేరు చెప్పే ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే ట్యాగ్‌ని పట్టించుకోవడం లేదన్నమాట. సినిమా పాటలు పోగేసేవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి.

పాటల పేర్లు తెలుగులో రాసుకున్నవాళ్లు ఇంకో రెండు నిమిషాలు ఆగండి. కొన్ని ప్లేయర్లు గడులు చూపిస్తాయి, వాటిలో తెలుగు ఫాంటు లేదు. కొన్నిటిలో అక్షరాలు ఉంటాయి కానీ ఒత్తులు పక్కకి విడిపోతాయి, గుణింతాలు చెదురుతాయి. ఫాంటు ఉన్నా అక్షరాలను కలిపి కూర్చే తెలివి ఆ సాఫ్ట్‌వేర్‌కి లేదని అర్థం. ఆండ్రాయిడ్ ప్లేయర్లలో ఈ బాధ ఉండదు.

5. ఆండ్రాయిడా, సొంత సాఫ్ట్‌వేరా

సోనీ, ఫియో, హైబై, షాన్‌లింగ్, ఆస్టెల్ అండ్ కర్న్ లాంటి సంస్థల ప్లేయర్లు రెండు జాతులుగా ఉంటాయి. ఆండ్రాయిడ్‌వి పెద్ద జాబితాను తేలిగ్గా మోస్తాయి, నచ్చకపోతే పాటల యాప్ మార్చుకోవచ్చు, స్ట్రీమింగ్ కూడా వస్తుంది. ధర, బరువు, బ్యాటరీ ఖర్చు ఎక్కువ. కొన్నేళ్లకి ఆ ఆండ్రాయిడ్ వెర్షన్ పాతబడితే స్ట్రీమింగ్ యాప్‌లు ఒక్కొక్కటే ముఖం చాటేస్తాయి, కార్డులో పాటలు మాత్రం పాడుతూనే ఉంటాయి. సొంత సాఫ్ట్‌వేర్ ఉన్నవి వెంటనే లేస్తాయి, చిన్నవి, ఎక్కువసేపు పాడతాయి. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపం ఉన్నా తయారీదారు సరిదిద్దేదాకా భరించాలి, వేరే యాప్ వేసుకునే దారి లేదు. ఇంటర్నెట్‌తో పనిలేకుండా కేవలం పాటలు వినేవాళ్లు, నాలుగో మెట్టులో గట్టెక్కిన సొంత సాఫ్ట్‌వేర్ ప్లేయర్ దొరికితే దాన్నే తీసుకోవడం మంచిది.

ఆండ్రాయిడ్ ప్లేయర్‌లో కొత్త కార్డు పెట్టినప్పుడు దాన్ని లోపలి మెమరీగా కలుపుకోమంటారా అని అడగొచ్చు. వద్దనండి. ఒప్పుకుంటే కార్డును గుప్తలిపిలోకి మార్చేస్తుంది, ఇంకే యంత్రంలోనూ అది తెరుచుకోదు. బయటి కార్డుగానే ఉంచండి.

6. సాకెట్, శక్తి

చాలా ప్లేయర్లకు మామూలు 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటుంది. 4.4 సాకెట్ రెండు చెవులకీ విడివిడి తీగలుండే బ్యాలెన్స్‌డ్ తీగల కోసం, పాతవాటిలో 2.5 కనిపిస్తుంది. మీ దగ్గర ఆ తీగ లేకపోతే దాని కోసం అదనంగా ఖర్చు పెట్టకండి.

చూడాల్సింది అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ప్లేయర్ సాకెట్ వైపు ఉండే విద్యుత్ నిరోధం. దీన్ని ఓమ్‌లలో కొలుస్తారు. ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 2 ఓమ్‌ల లోపు ఉండాలి. ఎక్కువైతే, ముఖ్యంగా ఒక్కో చెవిలో నాలుగైదు బుల్లి డ్రైవర్లు (ధ్వని పుట్టించే భాగాలు) ఉండే ఇయర్‌ఫోన్లలో, కొన్ని స్వరాలు పెరిగి కొన్ని తగ్గి రంగు మారిపోతుంది. ఆ ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ ప్రతి స్వరం దగ్గరా ఒకేలా ఉండకపోవడమే దీనికి కారణం.

పెద్ద హెడ్‌ఫోన్ వాడేవాళ్లకి వోల్టేజీ ముఖ్యం. 1 వోల్టు ఇచ్చే సాకెట్ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 31 మిల్లీవాట్లు ఇస్తే, 300 ఓమ్‌లదానికి 3.3 మాత్రమే ఇవ్వగలదు. కాబట్టి "ఇన్ని మిల్లీవాట్లు" అని రాసి ఉంటే ఎన్ని ఓమ్‌ల దగ్గరో పక్కనే చూడండి. సున్నితమైన చిన్న ఇయర్‌ఫోన్లవాళ్లు దీనికి వ్యతిరేకంగా పరీక్షించుకోవాలి: పాట ఆపి, నిశ్శబ్దంలో బుస్సుమనే శబ్దం వస్తోందా, వాల్యూమ్ మొదటి మెట్టే చెవులు అదిరేలా ఉందా అని.

7. బ్యాటరీ, బటన్లు

ప్రకటనలో చెప్పే గంటలు సాధారణంగా తెర ఆర్పి, తీగ ఇయర్‌ఫోన్లతో, తేలిక ఫైళ్లతో కొలిచినవి. పెద్ద ఫైళ్లు, బ్లూటూత్, వెలుగుతూ ఉండే తెర కలిస్తే బాగా తగ్గుతుంది. మొదటి స్కాన్‌ని మాత్రం చార్జర్ తగిలించే చేయండి. మధ్యలో బ్యాటరీ అయిపోతే సగం రాసిన జాబితా చెడిపోయి, తర్వాత తెరవగానే బిగుసుకుపోయే ప్లేయర్లున్నాయి.

టైప్ సీ రంధ్రం ఉన్నా కొన్ని చవక ప్లేయర్లు రెండు వైపులా టైప్ సీ ఉన్న తీగతో చార్జ్ కావు. "నేను పరికరాన్ని" అని చార్జర్‌కి చెప్పే రెండు చిన్న రెసిస్టర్లు వాటిలో పెట్టరు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ (టైప్ ఏ) ఉన్న తీగతో ప్రయత్నించండి, ఎక్కుతుంది. ప్లేయర్ పాడైందనుకుని పారేసేముందు ఇది చూడండి.

జేబులోంచి తీయకుండా పాట మార్చడానికి నిజమైన బటన్లు ఉండాలి. నడుస్తూ వినేవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

8. పాటలు ఎక్కించే పద్ధతి

కార్డును ప్లేయర్‌లో ఉంచి తీగతో ఎక్కిస్తే చాలా ప్లేయర్లలో యూఎస్‌బీ 2.0 వేగమే, సెకనుకు 30 ఎంబీ చొప్పున 300 జీబీకి రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. కార్డు తీసి మంచి రీడర్‌లో పెడితే, కార్డు కూడా వేగంగా రాయగలిగితే, గంటలో అయిపోతుంది. మొదటిసారి రీడర్‌తోనే కానివ్వండి.

ఎక్కించేముందు మూడు పనులు. ఫోల్డర్లను గాయకుడు, ఆల్బమ్ వరసలో పెట్టండి, వేల పాటలు ఒకే ఫోల్డర్‌లో కుక్కకండి. ఫ్యాట్32లో ఒక ఫోల్డర్‌కి 65 వేల పైచిలుకు గడులే ఉంటాయి, పొడుగు పేరున్న ఒక్కో ఫైలూ అందులో చాలా గడులు తినేస్తుంది. రెండోది, పాటల నంబర్లు 1, 2 అని కాకుండా 01, 02 అని ఉండాలి, లేకపోతే 1 తర్వాత 10 వస్తుంది.

మూడోది ఆల్బమ్ బొమ్మలు. ప్రతి ఫైలులోనూ 3 ఎంబీ బొమ్మ పొదిగి ఉంటే ఇరవై వేల పాటలకి 60 జీబీ బొమ్మలకే పోతుంది. పైగా పాట మారిన ప్రతిసారీ ప్లేయర్ ఆ బొమ్మ విప్పేదాకా తడబడుతుంది. 500 పిక్సెళ్ల చదరానికి తగ్గిస్తే ఒక్కోటి 100 కేబీ చుట్టుపక్కల, మొత్తం 2 జీబీ. ఎంపీ3ట్యాగ్ లాంటి పరికరంతో ఈ పని గుంపుగా చేయొచ్చు. జేపెగ్ దాచేటప్పుడు ప్రోగ్రెసివ్ అన్న గుర్తు తీసేయండి. కొన్ని ప్లేయర్లకి ఆ రకం బొమ్మలు కనిపించవు, ఎందుకో తెలియక జనం రోజులు పోగొట్టుకుంటారు.

ఎక్కించాక కార్డును సురక్షితంగా తొలగించు అన్నాకే లాగండి. ఎక్స్‌ఫ్యాట్‌లో జరుగుతున్న పనికి చిట్టా ఉండదు, రాస్తుండగా లాగితే ఫోల్డర్లు మాయమవుతాయి.

తర్వాత కనిపించే తేడాలు, వాటి కారణాలు:

ప్రతి పాటకీ జంటగా ఒక పలకని పాట కనిపిస్తోందంటే మీరు మ్యాక్ నుంచి ఎక్కించారు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే 4 కేబీ ఫైళ్లు అవి. మ్యాక్ టెర్మినల్‌లో డాట్ క్లీన్ ఆదేశంతో తుడిచేయొచ్చు.

పాటలు పేర్ల వరసలో కాకుండా కలగాపులగంగా వస్తుంటే, ఆ ప్లేయర్ పేరు చూడట్లేదు, కార్డు మీదికి ఏది ముందెక్కితే అది ముందు పాడుతోంది. ఫ్యాట్‌సార్ట్ అనే పరికరం కార్డులోని ఆ వరసను సరిచేస్తుంది.

స్కాన్ ఎప్పుడూ ఒకే సంఖ్య దగ్గర ఆగిపోతే పరిమితి అయినా కావాలి, చెడిన ఫైలైనా కావాలి. తేల్చుకోవడానికి సగం ఫోల్డర్లు పక్కకి తీసి స్కాన్ చేయండి. ఆగకపోతే తప్పు పక్కకి తీసిన సగంలో ఉంది, ఆగితే మిగిలిన సగంలో. అందులో మళ్లీ సగం. ఇరవై వేల పాటలైనా పదిహేను సార్లలో ఆ ఒక్క ఫైలూ దొరుకుతుంది. ఏ సగమూ ఆగకుండా రెండూ కలిపితేనే ఆగుతోందంటే అది పరిమితి.

కార్డును ఒక్కటే నకలుగా ఎన్నడూ ఉంచకండి. అసలు సేకరణ కంప్యూటర్‌లోనో, విడి డిస్కులోనో ఉండాలి. ఫ్లాక్ ఫైళ్లున్నవాళ్లకి ఒక సౌకర్యం ఉంది: సాధారణంగా ప్రతి ఫైలు తలలోనూ దాని ధ్వని తాలూకు ఎండీ5 ముద్ర (ధ్వని మారితే తానూ మారిపోయే ఒక సంఖ్య) రాసి ఉంటుంది. ఫ్లాక్ పరికరంలోని పరీక్ష ఆదేశం ఇస్తే ఫైలును విప్పి ముద్రతో పోల్చి, చెడినవాటి పేర్లు చెబుతుంది. ఆరు నెలలకోసారి ఆ పరీక్ష నడిపి, చెడిందని తేలిన పాటని మాత్రమే నకలు నుంచి తిరిగి ఎక్కించుకోండి.